శ్రీశైలం ఘాట్ ఎక్కే ముందు స్ట్రట్‌లు చూసుకోండి

మహబూబ్‌నగర్ నుంచి కారులో శ్రీశైలం వెళ్తున్నారా? మన్ననూరు దాటాక వచ్చే మలుపులను తలచుకుని, ముందురోజే స్ట్రట్‌లను, అంటే చక్రాల దగ్గర కుదుపులను అణిచే షాక్ అబ్జార్బర్లను, ఇలా చూసుకోండి.

– చదునైన చోట ఆపి, బానెట్ మూలను గట్టిగా అదిమి వదలండి. ఒక్కసారి లేచి కుదురుకోవాలి. రెండు మూడు సార్లు ఊగితే అనుమానించాల్సిందే. ఊగకపోయినా ఈ పరీక్ష ఒక్కటే చాలదు.

– చక్రం వెనక టార్చి వేయండి. స్ట్రట్ గొట్టం మీద నూనె కారి, దానికి ఎర్రమట్టి అట్టలా పట్టి ఉంటే మార్చే సమయం వచ్చింది. పలుచని చెమ్మకు మాత్రం భయపడనక్కరలేదు.

– టైరును అరచేత్తో నిమరండి, గుంటలు తగులుతున్నాయా? అదీ స్ట్రట్ అరిగిన గుర్తు కావచ్చు.

– మారిస్తే ఎడమ, కుడి రెండూ కలిపే మార్చాలి. తర్వాత అలైన్‌మెంట్ (చక్రాల కోణాలను సరిచేయించడం) తప్పనిసరి.

– దయచేసి స్ట్రట్ చుట్టూ ఉండే స్ప్రింగును ఇంట్లో విప్పవద్దు. అదిమి ఉంచిన స్ప్రింగు ఎగిరితే ప్రాణం మీదికి వస్తుంది.