బెజవాడ ఎండలోనూ చప్పుడు చేయని చిన్న డెస్క్‌టాప్

చప్పుడు లేని కంప్యూటర్ గురించి ఇంటర్నెట్‌లో దొరికే సలహాల్లో చాలావరకు ఇరవై, ఇరవై రెండు డిగ్రీల గదుల్లో పరీక్షించి చెప్పినవి. రోహిణి కార్తెలో మధ్యాహ్నం మూడింటికి విజయవాడలో ఏసీ లేని మేడమీది గది నలభై డిగ్రీల దగ్గర ఉంటుంది. ఇక్కడ మిషన్‌ని జనవరి రాత్రిని కాదు, మే మధ్యాహ్నాన్ని లెక్కలో పెట్టుకుని కట్టుకోవాలి.

ఆ లెక్క తేలికే. కూలరు (ప్రాసెసర్ మీద బిగించి దాన్ని చల్లబరిచే భాగం), ఫ్యాను వేగం, ప్రాసెసర్ తినే కరెంటు మారనంతవరకు, ప్రాసెసర్‌కీ గదికీ మధ్య వేడి తేడా దాదాపు మారదు. గది 24 డిగ్రీలున్నప్పుడు ప్రాసెసర్ 68 చూపిస్తే తేడా 44. అదే గది 39కి చేరితే ప్రాసెసర్ 83కి చేరుతుంది. రివ్యూలో చూసిన అంకెకు పదిహేను, పద్దెనిమిది డిగ్రీలు కలిపి చూసుకున్నాకే కూలరు కొనండి.

అందుకే ఫ్యాను బొత్తిగా లేని పెట్టెలను ఇక్కడ మేం సిఫారసు చేయం. ప్రాసెసర్ తట్టుకున్నా, పక్కనున్న, ఫైళ్లు దాచే ఎస్‌ఎస్‌డీకి, కరెంటు సర్దే వీఆర్‌ఎం భాగాలకు గాలి ఆడదు. గాలి కదలని ఇరుకు పెట్టెలో అవి రోజుల తరబడి ఉడుకుతాయి. ఫ్యాను ఉండాలి, మెల్లగా తిరగాలి. ఫ్యాను వేగం సగానికి తగ్గిస్తే గాలి సగమే తగ్గుతుంది, చప్పుడు మాత్రం సుమారు 15 డెసిబెల్స్ పడిపోతుంది. ఈ బేరం మనకు లాభం. కాకపోతే ఆ కాస్త గాలితో సరిపెట్టుకోవాలంటే పుట్టే వేడే తక్కువగా ఉండాలి. కరెంటు పొదుపు, నిశ్శబ్దం రెండూ ఒకే పనిగా చూడాల్సింది ఇందుకే.

ఏం కొనాలి

ఉత్తరాలు, ట్యాలీ, బ్రౌజర్, వీడియోలు, అంతవరకే అయితే ఇంటెల్ ఎన్100 చాలు. అది 6 వాట్ల ప్రాసెసర్, 2023లో వచ్చింది, బోర్డు మీదే అతికించి ఉంటుంది. ఏఎస్‌రాక్ ఎన్100డీసీ-ఐటీఎక్స్ బోర్డుకు 19 వోల్టుల అడాప్టర్ నేరుగా గుచ్చొచ్చు, వేరే పవర్ సప్లై అక్కర్లేదు. ర్యామ్ స్లాటు ఒక్కటే, కాబట్టి మొదటే 16 జీబీ వేయండి. దాని హీట్‌సింక్‌కు ఫ్యాను ఉండదు. ఇక్కడి ఎండాకాలానికి దాని మీదుగా ఒక 120 మి.మీ. ఫ్యానును 500, 600 ఆర్‌పీఎమ్‌లో (నిమిషానికి అన్ని చుట్లు) తిప్పితే సరి. దాని చప్పుడు దాదాపు వినపడదు.

ఫొటోషాప్, వీడియో ఎడిటింగ్, పెద్ద పెద్ద డీటీపీ ఫైళ్లు, కోడింగ్ ఉంటే ఎన్100 నలిగిపోతుంది. వాటికి మా ఎంపిక ఏఎస్‌రాక్ డెస్క్‌మినీ ఎక్స్600. రెండు లీటర్లలోపు పెట్టె: 155, 155, 80 మి.మీ. బోర్డు, 120 వాట్ల అడాప్టర్ దానితోనే వస్తాయి. ఈ బోర్డులో విడిగా చిప్‌సెట్ (ప్రాసెసర్‌ను మిగతా భాగాలతో కలిపే చిప్) ఉండదు. ఊరికే ఉన్నప్పుడు కరెంటు తక్కువ తాగడానికి అదొక కారణం. దాన్లోకి:

– ఏఎండీ రైజెన్ 5 8600జీ. ఆరు కోర్లు, గ్రాఫిక్స్ లోపలే ఉంటుంది.
– కూలరు: నాక్టువా ఎన్‌హెచ్-ఎల్9ఏ, ఏఎం5 (ఈ ప్రాసెసర్ కూర్చునే సాకెట్) రకం. ఎత్తు 37 మి.మీ.
– డీడీఆర్5 ర్యామ్, ల్యాప్‌టాప్‌లో వేసే ఎస్‌ఓ-డిమ్ సైజు, రెండు ముక్కలు.
– ఒక టీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ (బోర్డులోనే గుచ్చే రకం), జెన్ 4 అంటే నాలుగో తరంది చాలు.

ఈ పెట్టెలో 47 మి.మీ. ఎత్తు వరకే కూలరు పడుతుంది. ప్రాసెసర్‌తో ఉచితంగా వచ్చే రెయిత్ స్టెల్త్ కూలరు ఎత్తు 54. మూత పడదు. గవర్నర్‌పేట షాపుల్లో "డబ్బాలో కూలరు వస్తుంది కదండీ, వేరే ఎందుకు?" అంటే ఈ రెండు అంకెలు చెప్పండి. ర్యామ్ ఒకే 16 జీబీ ముక్క బదులు రెండు 8 జీబీ ముక్కలు తీసుకోండి. లోపలి గ్రాఫిక్స్ ఈ ర్యామ్‌నే వాడుకుంటుంది, ఒక్క ముక్కతో దాని వేగం బాగా పడిపోతుంది. జెన్ 5 ఎస్‌ఎస్‌డీ జోలికి పోవద్దు: ఇంత చిన్న పెట్టెలో దాని వేడే ఒక సమస్య. హార్డ్‌డిస్కు అసలే వద్దు. మిగతా మిషన్ ఎంత నిశ్శబ్దంగా ఉన్నా దాని గరగర రాత్రిపూట వినపడుతూనే ఉంటుంది.

బిగింపు

పెట్టె వెనక నాలుగు స్క్రూలు తీస్తే బోర్డు ఉన్న పళ్లెం బయటికి జారుతుంది. ఏఎం5లో సన్నటి పిన్నులు సాకెట్‌లోనే ఉంటాయి. ఒక్కటి వంగినా బోర్డు పోయినట్టే. ప్రాసెసర్ మూలనున్న త్రికోణం గుర్తును సాకెట్ గుర్తుతో కలిపి, పైనుంచి వదిలినట్టు పెట్టండి, రుద్దొద్దు. లీవరు నొక్కేటప్పుడు గట్టిగా ఉంటుంది, భయపడక్కర్లేదు. నల్లటి ప్లాస్టిక్ మూత దానంతటదే ఎగిరొస్తుంది, పారేయకండి. వారంటీకి బోర్డు పంపాలంటే అది ఉండాలి.

కూలరు కన్నా ముందే ర్యామ్, ఎస్‌ఎస్‌డీ పెట్టేయండి. తర్వాత వేలు దూరదు. ప్రాసెసర్‌కీ కూలరుకీ మధ్య వేడిని దాటించే థర్మల్ పేస్టు బఠాణీ గింజంత. కూలరు స్క్రూలు నాలుగింటినీ ఎదురెదురు మూలలుగా, ఒక్కోదాన్ని రెండేసి చుట్లు తిప్పుతూ బిగించాలి. ఒక మూల ముందే బిగిస్తే అటువైపు పేస్టు నలిగి, ఇటువైపు సందు మిగిలిపోతుంది. ఏమీ పని లేకుండానే ప్రాసెసర్ డెబ్భై దాటుతోందంటే ముందు అనుమానించాల్సింది ఈ సందునే. ఫ్యాను తీగ రెక్కలకు తగలకుండా కట్టేయండి. కొత్త మిషన్‌లో టకటకమనే చప్పుడుకు చాలాసార్లు అదే కారణం.

మొదటిసారి స్విచ్ వేశాక తెర నల్లగానే ఉంటుంది. డీడీఆర్5 ర్యామ్‌ని బోర్డు పరీక్షించుకుంటోంది. కొన్ని నిమిషాలు పట్టొచ్చు. మధ్యలో కరెంటు తీసేసి మళ్లీ వేస్తే ఆ పని మొదటికొస్తుంది. పది నిమిషాలు ఓపిక పట్టండి.

నిశ్శబ్దం బయోస్‌లో ఉంది

అసలు తేడా ఇక్కడే. 8600జీ 65 వాట్ల ప్రాసెసర్ అంటారు గానీ, మామూలు సెట్టింగుల్లో బరువైన పని పడితే సాకెట్ దగ్గర 88 వాట్ల దాకా లాగగలదు. బయోస్‌లో (విండోస్ మొదలవకముందే తెరిచే బోర్డు సెట్టింగుల్లో) ఎకో మోడ్ అనే కరెంటు పరిమితిని 45 వాట్లకు పెట్టండి. వేగంలో పోయేది కొద్దిగానే, వేడిలో తగ్గేది చాలా.

తర్వాత అక్కడే ఫ్యాను వేగం. ప్రాసెసర్ 60 డిగ్రీల వరకు 35 శాతం దగ్గర కదలకుండా ఉంచండి. అంటే వెయ్యి ఆర్‌పీఎమ్ లోపు. 75 దగ్గర 50 శాతం, 85 దగ్గర 75, 90 దాటితే పూర్తి వేగం. ఈ ప్రాసెసర్ 95 దగ్గర తనంతట తాను వేగం తగ్గించుకుంటుంది. ఫ్యాను వేగం పెరగడానికి, తగ్గడానికి మధ్య కొన్ని సెకన్ల ఆలస్యం పెట్టే వీలుంటే తప్పకుండా పెట్టండి. బ్రౌజర్ తెరిచిన ప్రతిసారీ ఒక్క క్షణం వేడి ఎగబాకుతుంది. ఆలస్యం లేకపోతే ఫ్యాను దానితోపాటే ఊయ్‌మని లేచి పడుతుంది. చెవికి విసుగు పుట్టించేది ఎక్కువగా ఇలా మారే చప్పుడే. ఒకే తీరుగా ఉండే చప్పుడుకు చెవి అలవాటుపడుతుంది.

ఎండాకాలంలో ఫ్యాను 1400 ఆర్‌పీఎమ్‌లో తిరిగినా బెంగ పడకండి, సీలింగ్ ఫ్యాను హోరులో అది కలిసిపోతుంది. నిశ్శబ్దం నిజంగా కావాల్సింది డిసెంబరు, జనవరి రాత్రుల్లో. అప్పుడు గది చల్లగా ఉంటుంది, పైన పెట్టిన వేగాల ప్రకారం ఫ్యాను కింది మెట్టు దాటదు.

వేడి చూడటానికి విండోస్‌లో హెచ్‌డబ్ల్యూఇన్ఫో, లినక్స్‌లో ఎల్‌ఎం-సెన్సర్స్ వాడండి; లినక్స్‌లో బరువైన పని పెట్టడానికి స్ట్రెస్-ఎన్‌జీ ఉంది. ఏసీ ఆపి, మూత వేసి, అరగంట పూర్తి బరువు పెట్టండి. చలికాలంలో కడితే పైన చెప్పిన తేడా లెక్కకట్టి దానికి నలభై కలపండి. 90 దాటితే ఎకో మోడ్‌ను ఇంకా కిందికి దించండి, లేదా కూలరు మళ్లీ బిగించండి.

ఫ్యాను మెల్లగా తిరుగుతున్నా సన్నటి కీచు వినిపిస్తే అది కాయిల్ చప్పుడు, అంటే కరెంటు భాగాల్లోని తీగ చుట్టలు వణికే చప్పుడు. కాగితం గొట్టంలా చుట్టి చెవికి పెట్టుకుని వెతికితే బోర్డుదో, అడాప్టర్‌దో తెలిసిపోతుంది. అడాప్టర్‌దైతే దాన్ని బల్ల కిందికి పంపితే చాలా వరకు తీరుతుంది. కరెంటు పోయినప్పుడు మాత్రమే గుయ్యిమంటే ఇన్వర్టర్‌ని చూడండి: స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ల మీద అడాప్టర్లు అలా మోగుతాయి, వేడెక్కుతాయి కూడా. సైన్ వేవ్ ఇన్వర్టరే మంచిది.

కరెంటు, ఎర్తింగ్

ఈ మిషన్ ఊరికే ఉన్నప్పుడు పది, పదిహేను వాట్ల మధ్య తీసుకుంటుంది. ఊరికే ఉన్నా 70 వాట్లు తినే పాత డెస్క్‌టాప్ రోజుకు పది గంటలు నడిస్తే నెలకు 21 యూనిట్లు. ఇది పదిహేను వాట్ల లెక్కన నాలుగున్నర. మన బిల్లు శ్లాబుల్లో వస్తుంది గనుక, మిగిలేవి అన్నిటికన్నా ఖరీదైన పై శ్లాబు యూనిట్లు.

పెట్టె ముట్టుకుంటే చిమచిమలాడుతోందా? అది ఎర్తింగ్ లోపం. మూడు పిన్నుల తీగనే వాడండి, రెండు పిన్నుల కన్వర్టర్‌తో ఎర్త్‌ని తప్పించకండి. ప్లగ్ పాయింటులో ఎర్త్ పనిచేస్తోందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. పాత ఇళ్లలో మూడో రంధ్రం ఉంటుంది గానీ దాని వెనక తీగ ఉండదు.

పెట్టే చోటు, దుమ్ము

గాలి పీల్చే వైపు కనీసం పది సెంటీమీటర్లు ఖాళీ. బల్ల కింద తలుపున్న అరలో పెడితే పైన కట్టుకున్న లెక్కంతా చెడుతుంది, ఎందుకంటే అర గది కన్నా వేడిగా ఉంటుంది. పల్చటి ప్లైవుడ్ బల్ల ఫ్యాను వణుకును పెద్దది చేస్తుంది, కింద మెత్తటి రబ్బరు ముక్కలు నాలుగు పెట్టండి. వెచ్చగా ఉండే చిన్న పెట్టెలంటే చీమలకు, బల్లి పిల్లలకు ఇష్టం. పెద్ద కంతలకు సన్నటి నైలాన్ జాలీ అతికించండి, మరీ దగ్గర నేతది మాత్రం వద్దు, అది గాలినీ ఆపేస్తుంది.

ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్ దరిదాపుల్లో, గుంటూరు మిర్చి యార్డు వైపు, రోడ్డు పక్క ఇళ్లలో రెండు నెలలకోసారి, మిగతా చోట్ల నాలుగు నెలలకోసారి దుమ్ము దులపండి. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితో ఆపి పట్టుకోండి. గాలికి గిరగిరా తిరగనిస్తే బేరింగ్ అరిగి, అంతకుముందు లేని చప్పుడు మొదలవుతుంది.