పాత ఎస్‌యూవీకి షాక్స్ కొనేముందు టేపు పట్టుకుని బండి కిందికి దూరండి

నా బండి 1998 మోడల్. ముందు టార్షన్ బార్లు (మెలితిరుగుతూ స్ప్రింగు పని చేసే ఉక్కు కడ్డీలు), వెనక రెండు చక్రాలనీ కలిపే ఒకే దూలం లాంటి యాక్సిల్ మీద కాయిల్ స్ప్రింగులు. దీనికి ఇప్పటికి మూడుసార్లు షాక్ అబ్జార్బర్లు మార్చాను. మొదటి రెండుసార్లూ డబ్బు దండగే. మూడోసారి కొన్నవి ఆరేళ్లుగా నడుస్తున్నాయి. మొదటి రెండు తప్పులూ ఎలా జరిగాయో చెబితే ఎంపిక ఎలా చేయాలో సగం చెప్పినట్టే.

మొదటిసారి, వెనక భాగం కుంగిపోయిందని నాలుగు కొత్త షాక్స్ వేయించాను. సాయంత్రం ఇంటికి తెచ్చి చూస్తే బండి పొద్దున ఎంత కుంగి ఉందో అంతే ఉంది. మళ్లీ తీసుకెళ్తే మెకానిక్ చక్రం పక్కన కూర్చుని, "షాక్స్‌కి ఏం కాలేదు సార్, స్ప్రింగులే చచ్చిపోయాయి" అన్నాడు. ఆ మాట బిగించకముందు అని ఉంటే బాగుండేది. కానీ అడగాల్సింది నేనే.

బండి బరువు మోసేది స్ప్రింగు. షాక్ పని వేరు. గుంతలో పడినప్పుడు నొక్కుకుపోయిన స్ప్రింగు మళ్లీ పైకి తన్నుతుంది, ఆపకపోతే అలా ఊగుతూనే ఉంటుంది. ఆ ఊపుని చంపడమే షాక్ పని. లోపల రాడ్డు చివర ఒక పిస్టన్, దానికి సన్నని దారులు, వాటి మీద పల్చటి ఉక్కు బిళ్లలు ఉంటాయి. నూనె ఆ దారుల్లోంచి ఇరుక్కుని వెళ్తూ ఊపులోని శక్తిని వేడిగా మారుస్తుంది. అందుకే గతుకుల రోడ్డు మీద పావుగంట నడిపాక షాక్ ఒళ్లు వేడెక్కుతుంది. పాడైన దాన్ని పట్టుకోవడానికి నాకు నచ్చిన పరీక్ష కూడా ఇదే. అలాంటి రోడ్డు మీద ఇరవై నిమిషాలు నడిపి ఆపి, అరచేతి వెనక వైపుతో నాలుగింటినీ జాగ్రత్తగా తాకి చూడండి. జతలో ఒకటి కాలుతూ, రెండోది చల్లగా ఉంటే ఆ చల్లనిది పని మానేసినట్టే.

బంపర్ మీద బరువు వేసి నొక్కి వదిలే పరీక్ష చిన్న కార్లకు కొంతవరకు పనికొస్తుంది. రెండు టన్నుల పాత బండిని మనం ఎంత నొక్కగలం? పైగా కీళ్ల దగ్గరుండే పాత రబ్బరు బుష్‌లు బిగుసుకుపోయి ఉంటే ఆ రాపిడికే ఊపు ఆగిపోతుంది, షాక్ బాగుందని మోసపోతాం. దానికంటే టైరు చూడండి. ట్రెడ్ మీద అరచేయి పెట్టి చుట్టూ నిమిరితే అక్కడక్కడా గిన్నెల్లా అరిగి ఉందా? బ్రేకు వేస్తే ముక్కు కిందికి దిగిపోతోందా? మలుపులో గతుకు వస్తే వెనక భాగం పక్కకి గెంతుతోందా? షాక్ మీద నూనె చెమ్మ పల్చగా ఉండి దుమ్ము అంటుకుంటే కంగారు పడక్కర్లేదు. తడిసి, కిందికి కారి, చుక్క కడుతోందంటే మాత్రం సీలు పోయింది.

ఈ లక్షణాలన్నీ కనిపించినా వెంటనే షాక్స్ కొనకండి. పాత బండిలో ఒక్క భాగమే పాడవడం అరుదు. టకటకమనే చప్పుడు చాలాసార్లు షాక్‌ది కాదు, దాని చివర రబ్బరు బుష్‌దో, స్టెబిలైజర్ లింక్‌దో, బాల్ జాయింట్‌దో. ముందు టైర్లలో గాలి సరిచేసి, చదునైన నేల మీద నిలిపి, చక్రం మధ్య నుంచి పైన ఫెండర్ అంచు దాకా నాలుగు మూలలా ఎత్తు కొలిచి రాసుకోండి. నా బండిలో వెనక ఎడమకీ కుడికీ 22 ఎంఎం తేడా వచ్చింది. ఏ షాక్ కూడా దాన్ని సరిచేయలేదు. టార్షన్ బార్ ఉన్నవాళ్లు ఎత్తుని బోల్టు తిప్పి కొంత సరిచేసుకోవచ్చు. కంపెనీ చెప్పిన ఎత్తు వచ్చాక అక్కడే ఆపండి. ఇంకా తిప్పితే బండి ఠీవిగా కనిపిస్తుంది కానీ, చక్రం కిందికి దిగడానికి చోటు మిగలదు. ప్రతి గుంతకీ ఠంగుమని కొట్టుకుంటుంది, ఆ నింద కొత్త షాక్స్ మీద పడుతుంది.

ఎత్తు తేలాక బరువు లెక్క. బండి ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉందా, లేక ఉక్కు బంపర్, వించ్, పైన క్యారియర్, వెనక డ్రాయర్లు చేరాయా? ఎప్పుడో ఒకసారి ఎక్కే సామాను లెక్కలోకి తీసుకోకండి, బండి మీద శాశ్వతంగా ఉండేదే లెక్క. షాక్ లోపలి వాల్వులను ఒక బరువుకీ ఒక స్ప్రింగుకీ తగ్గట్టు పెడతారు. నొక్కుకునేటప్పుడు ఎంత అడ్డుకోవాలి, సాగేటప్పుడు ఎంత అడ్డుకోవాలి అన్నవి రెండూ వేరు వేరు. సాధారణంగా సాగేటప్పటి అడ్డు ఎక్కువ ఉంటుంది, ఎందుకంటే నొక్కుకున్న స్ప్రింగు తిరిగి తన్నే శక్తిని అదుపు చేయాల్సింది అప్పుడే. గట్టి స్ప్రింగులు వేసి పాత రకం షాక్స్ ఉంచితే బండి గుర్రంలా పైకి తంతుంది. ఖాళీ బండికి బరువు బండి షాక్స్ వేస్తే చిన్న రాయి కూడా నడుముకి తెలుస్తుంది. "హెవీ డ్యూటీ" అని పెట్టె మీద ఉంటే మంచిదనుకుని ఎగబడేవాళ్లలో నేనూ ఒకడిని, ఒప్పుకుంటున్నాను. స్ప్రింగులు మార్చే ఆలోచన ఉంటే ముందు అవి తేల్చుకోండి, షాక్స్ ఆ తర్వాతే.

ఇక కొలతలు. నా రెండో తప్పు ఇక్కడే జరిగింది. ఎత్తు పెంచిన బండ్ల కోసం చేసిన పొడవాటి షాక్స్ కొన్నాను. పొడవుంటే షాక్ కదిలే దూరం ఎక్కువ, ఆ దూరం ఎక్కువైతే సుఖం ఎక్కువ అని నా లెక్క. మూడు నెలలకే వెనకవి రెండూ లోపల పగిలి నూనె కక్కాయి. అప్పుడు టేపు తీసుకుని బండి కిందికి దూరాను.

మామూలుగా నిలబడి ఉన్నప్పుడు వెనక షాక్ పై బోల్టు నుంచి కింది బోల్టు దాకా 440 ఎంఎం. యాక్సిల్‌కీ, అది మరీ పైకి రాకుండా ఆపే బంప్ స్టాపర్ రబ్బరుకీ మధ్య ఖాళీ 80. రబ్బరు నలిగి మరో 30 దాకా ఇస్తుంది. అంటే బండి పూర్తిగా కుదేలైనప్పుడు షాక్‌కి మిగిలే చోటు 330. నేను కొన్న షాక్ పూర్తిగా ముడుచుకుంటేనే 355 ఉంది! రబ్బరు పూర్తిగా నలగకముందే షాక్ అడుగు తన్నేస్తోంది. పెద్ద గుంత వచ్చిన ప్రతిసారీ రెండు టన్నుల దెబ్బ ఆ పిస్టన్ మీదే పడుతోందన్నమాట. తర్వాత ఛాసిస్‌ని స్టాండ్ల మీద నిలిపి యాక్సిల్‌ని వేలాడనిస్తే అదే కొలత 530 వచ్చింది.

కాబట్టి కొనేటప్పుడు చూడాల్సినవి రెండు అంకెలు, పూర్తిగా ముడిచిన పొడవు, పూర్తిగా సాగిన పొడవు. ముడిచినది, బండి పూర్తిగా కుదేలైనప్పుడు మిగిలే చోటు కంటే కాస్త తక్కువ ఉండాలి, బంప్ స్టాపర్ తన పని తాను చేసుకోవాలి. సాగిన పొడవు మరీ తక్కువైతే చక్రం వేలాడే బరువంతా షాక్ మీద పడి దాని చివర బోల్టు దూరే కళ్లు ఊడతాయి. మరీ ఎక్కువైతే బ్రేకు హోస్ సాగుతుంది, కాయిల్ స్ప్రింగు జారిపోవచ్చు. చివరికి నేను కొన్నవి 325, 530. షాక్ వాలుగా బిగించి ఉంటే యాక్సిల్ కదిలినంతగా అది కదలదు, కాబట్టి పై లెక్క కొంచెం భద్రం వైపే ఉంటుంది. ఈ అంకెలు నా బండివి, మీవి మీరే కొలవండి. ఎత్తు మార్చని బండికి మోడల్, సంవత్సరం చూసి కొన్నా సరిపోతుంది. ఎవరి చేతుల మీదుగా వచ్చిందో తెలియని పాత బండిని మాత్రం నమ్మకండి. మీకంటే ముందు దాన్ని ఎవరు ఎత్తారో, ఎంత ఎత్తారో!

పై చివర, కింది చివర ఎలా ఉన్నాయో కూడా చూడండి. కొన్నిటికి గుండ్రటి కన్ను, కొన్నిటికి మరలు చుట్టిన పిన్ను, కొన్నిటికి అడ్డంగా రెండు రంధ్రాల పట్టీ. ఒకే మోడల్‌లో మధ్యలో మార్చిన సందర్భాలు ఉంటాయి. పాత షాక్ ఒళ్లు తుడిచి నంబరు ఫొటో తీసుకోండి.

తర్వాతి ప్రశ్న, ట్విన్ ట్యూబా మోనో ట్యూబా? ట్విన్ ట్యూబ్‌లో గొట్టంలో గొట్టం, లోపలి దానిలో పిస్టన్, బయటి దానిలో మిగులు నూనె. మెత్తగా ఉంటుంది, బయట రాయి తగిలి చిన్న సొట్ట పడినా పని ఆగదు. ఎడతెగని గతుకుల మీద మాత్రం త్వరగా వేడెక్కి, నూనె నురగ కట్టి, పట్టు వదులుతుంది. గ్యాస్ నింపినవి ఈ విషయంలో కొంత మెరుగు. మోనో ట్యూబ్‌లో ఒకటే గొట్టం. నూనెనీ నైట్రోజన్‌నీ ఒక తేలే పిస్టన్ విడదీస్తుంది కాబట్టి నురగ సమస్య పెద్దగా ఉండదు, వేడి నేరుగా బయటికి పోతుంది. దాని బలహీనత కూడా ఆ ఒక్క గొట్టమే. సొట్ట పడితే పిస్టన్ అక్కడే తగులుకుంటుంది.

మోనో ట్యూబ్ గ్యాస్ ఒత్తిడి 25 బార్ దాకా ఉండొచ్చు. రాడ్డు 14 ఎంఎం మందం అనుకుంటే ఆ ఒత్తిడి రాడ్డుని బయటికి తోసే బలం దాదాపు 39 కిలోలు. పెట్టెలో పట్టీ కోయగానే రాడ్డు తనంతట తాను సాగడం అందుకే. ఒక మూలకి 39 కిలోలు పెద్ద బరువేమీ కాదు. బండి కొద్దిగా లేచినట్టు కనిపించి, "షాక్స్ వేస్తే కుంగడం తగ్గింది" అని కొందరు అనడానికి కారణం ఇదే. స్ప్రింగు నిజంగా చచ్చిపోతే దీంతో పని జరగదు.

ఎక్కువగా తారు రోడ్డు మీద, ఇంటిల్లిపాదితో తిరిగే బండైతే నా ఓటు గ్యాస్ నింపిన మంచి ట్విన్ ట్యూబ్‌కే. బరువుతో, వేగంగా, గంటల తరబడి గతుకుల్లో నడిపితే మోనో ట్యూబ్. ఒకే కంపెనీ రెండూ చేస్తుంది, కాబట్టి పేరు చూసి కాదు, రకం చూసి కొనాలి. కేవైబీలో ఎక్సెల్-జీ ట్విన్ ట్యూబ్ అయితే, గ్యాస్-ఎ-జస్ట్ మోనో ట్యూబ్. బిల్‌స్టీన్ 4600 మామూలు ఎత్తుకి, 5100 ఎత్తు పెంచిన బండ్లకి. ఓల్డ్ మ్యాన్ ఎము నైట్రోచార్జర్ ట్విన్ ట్యూబే. రాంచో ఆర్ఎస్9000ఎక్స్ఎల్‌కి బయట గుండీ తిప్పితే తొమ్మిది స్థాయిలు. ఓ వారం సామానుతో, ఓ వారం ఖాళీగా తిరిగేవాళ్లకి అది బాగుంటుంది. నేనైతే అలాంటి గుండీని మొదటి నెల తిప్పి తర్వాత మర్చిపోయే రకం.

కొన్ని బండ్ల దగ్గర ఈ సలహా చెల్లదు. ల్యాండ్ క్రూయిజర్ 100లో ఏహెచ్‌సీ (బండి ఎత్తుని మార్చే వ్యవస్థ) ఉన్న వాటికి షాక్ స్థానంలో హైడ్రాలిక్ యూనిట్ ఉంటుంది, బరువులో కొంత అదే మోస్తుంది. మొదటి తరం వోల్వో ఎక్స్‌సీ90 కొన్నిటికి వెనక నివోమాట్ అనే, ఎత్తుని తనే సరిచేసుకునే షాక్ ఉంటుంది, అదీ అంతే. అలాంటి వాటికి మామూలు షాక్ వేస్తే వెనక కూలబడుతుంది, స్ప్రింగులు కూడా మార్చాలి.

ఒక యాక్సిల్‌కి రెండూ ఒకేసారి మార్చండి. పాతదీ కొత్తదీ జత చేస్తే బ్రేకు వేసినప్పుడు బండి ఒక పక్క ఒకలా, ఇంకో పక్క ఇంకోలా స్పందిస్తుంది. చేతికి వచ్చాక రాడ్డు మీద గీతలు, బుష్‌ల మీద పగుళ్లు చూడండి. ఏళ్ల తరబడి అరలో పడి ఉన్న సరుకైతే రబ్బరే చెప్పేస్తుంది. పాలియూరిథేన్ బుష్‌లు ఎక్కువ కాలం వస్తాయి కానీ కిర్రుమంటాయి, కంపనాన్ని లోపలికి పంపుతాయి. నాకు రబ్బరే ఇష్టం.

బిగించేది మీరైనా మెకానిక్ అయినా, ముందు రోజే బోల్టుల మీద తుప్పు వదిలించే నూనె చల్లండి. జీప్ చెరోకీ ఎక్స్‌జేలో వెనక షాక్ పై బోల్టులు బాడీకి వెల్డ్ చేసిన నట్లలోకి వెళ్తాయి, తుప్పు పట్టి అక్కడే విరగడం ఆ బండి యజమానులకి బాగా తెలుసు. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందికి వెళ్లొద్దు. షాక్ విప్పేముందు యాక్సిల్ కింద కూడా ఆధారం పెట్టండి. కాయిల్ స్ప్రింగూ షాకూ ఒకటిగా ఉన్న స్ట్రట్ అయితే స్ప్రింగుని నొక్కిపట్టే పరికరం లేకుండా విప్పే ప్రయత్నమే వద్దు, ఆ స్ప్రింగు ప్రాణం తీయగలదు.

ట్విన్ ట్యూబ్‌ని నిలువుగా పట్టుకుని నాలుగైదుసార్లు పూర్తిగా నొక్కి సాగదీశాక బిగిస్తే లోపల చిక్కుకున్న గాలి పోతుంది. రాడ్డు తిరిగిపోతోందని పట్టకారుతో మెరిసే భాగాన్ని పట్టుకున్నారంటే, ఆ గీతే రేపు సీలుని కోస్తుంది. కన్ను రకం బోల్టులను చక్రాలు గాల్లో ఉండగా చివరిదాకా బిగించకండి. బండిని నేల మీదికి దించాక బిగించాలి, లేకపోతే రబ్బరు మెలితిరిగే ఉండిపోయి తొందరగా చీలుతుంది. టార్షన్ బార్ బండిలో షాక్ ఒక్కటే మారిస్తే అలైన్‌మెంట్ కదలదు. ఎత్తు సరిచేసినా, స్ట్రట్ మార్చినా తప్పకుండా చేయించాలి.

500 కిలోమీటర్లు నడిచాక నట్లన్నీ ఒకసారి సరిచూసి, నాలుగు మూలల ఎత్తు మళ్లీ కొలిచి పాత అంకెల పక్కన రాసుకోండి. నా బండి అంకెలు గ్లవ్ బాక్సులో, ఆ పగిలిన షాక్ తాలూకు బిల్లు వెనకే రాసి ఉన్నాయి.