పిల్లాడు మొండికేస్తే ముందు గడియ చూడండి

నేను ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ పని చేస్తాను. మోటారు ఆగిపోయిందని ఫోన్ వస్తే వెళ్ళగానే ఆపరేటర్ని తిట్టం. కరెంటు వస్తోందా, ఫ్యూజు ఉందా, బేరింగు పట్టేసిందా అని ఒక్కొక్కటీ చూసుకుంటూ పోతాం. షిఫ్ట్ దిగేముందు లాగ్‌బుక్‌లో మూడు గడులు నింపాలి: ఏం జరిగింది, ఎందుకు జరిగింది, ఏం చేశాం. ఇంట్లో మాత్రం నాలుగేళ్ళు నిండని మా బుడ్డోడి విషయంలో రెండో గడిలో ఎప్పుడూ 'మొండితనం' అనే రాసుకునేవాణ్ణి. అదే మాట ఫ్యాక్టరీ లాగ్‌బుక్‌లో రాస్తే మా ఇంజినీరు పుస్తకం నా మొహాన కొట్టేవాడు.

మాది విశాఖపట్నం. మా ఇల్లు గాజువాకలో, అత్తగారి ఇల్లు పెదవాల్తేరులో. ఏడాదిగా ఈ రెండు ఇళ్ళలో దొరికిన ఫాల్టులు ఇవి. రెండున్నర నుంచి అయిదేళ్ళ మధ్య పిల్లలున్న ఇళ్ళకి పనికొస్తాయి.

పొద్దున్నే బట్టల దగ్గర యుద్ధం

ఏడున్నరకి స్కూల్ ఆటో వస్తుంది. ఏడూ పదికి మావాడు "నేనే వేసుకుంటా" అంటాడు. తల వెళ్ళి చొక్కా చేతిలో ఇరుక్కుంటుంది. పోనీ అని మనం చెయ్యి వేస్తే మొత్తం విప్పేసి మళ్ళీ మొదటినుంచి మొదలుపెడతాడు, ఏడుస్తూ. కింద హారన్.

కారణాలు మూడు తేలాయి. ఒకటి టైము, అది అందరికీ తెలిసిందే. రెండోది మన ఊరి గాలి. స్నానం చేయించి తుడిచిన రెండు నిమిషాలకే ఒళ్ళు జిడ్డుగా అయిపోతుంది. ఆ తడి వీపు మీద టెరికాటన్ చొక్కా కిందికి దిగదు. మనకే దిగదు, చొక్కా పట్టుకుని లాగే బలం లేని వాడికి ఎలా దిగుతుంది? మూడోది నేర్పే పద్ధతి. మనం పనిని మొదటినుంచి వాడి చేతికిచ్చి, మధ్యలో వాడు ఇరుక్కున్నాక లాక్కుంటాం. అంటే ప్రతిరోజూ వాడికి ఓడిపోవడమే మిగులుతోంది.

దీన్ని తిరగేయాలి. చివరి మెట్టు ముందు నేర్పాలి. నిక్కరు మోకాళ్ళ దాకా మనం ఎక్కించి, అక్కణ్ణుంచి నడుము దాకా లాక్కోవడం వాడికి వదిలేయాలి. అది చేతికి వచ్చాక మనం చీలమండల దగ్గర ఆగిపోవాలి. ఆ తర్వాత కూర్చుని కాళ్ళు దూర్చుకోవడం. ఏ రోజు చూసినా పని ముగించింది వాడే కాబట్టి "నేనే" అన్న మాట నిజమవుతుంది, ఏడుపు తగ్గుతుంది. మావాడికి నిక్కరుకి పది రోజులు పట్టింది. చొక్కాకి నెల దాటింది.

గుండీలు కిందినుంచి మొదలుపెట్టించండి. కింది గుండీ కళ్ళకి కనబడుతుంది, మెడ దగ్గరది కనబడదు. కొత్త యూనిఫాం అయితే కాజాలు బిగుతుగా ఉంటాయి. ముందురోజు రాత్రి పెద్దవాళ్ళే నాలుగుసార్లు పెట్టి తీస్తే వదులవుతాయి. చొక్కాని మంచం మీద బొమ్మ వైపు కిందికి పెట్టి పరిస్తే తలదూర్చినప్పుడు ముందూ వెనకా తేడా రాదు. ఒళ్ళు తుడిచాక రెండు నిమిషాలు ఫ్యాన్ కింద నిలబెట్టండి, ఆ రెండు నిమిషాలు తర్వాత పది నిమిషాలు మిగులుస్తాయి. అసలు అభ్యాసం పొద్దున్న పెట్టుకోవద్దు, సాయంత్రం స్నానం తర్వాత పెట్టుకోండి. అప్పుడు హారన్ కొట్టేవాడు ఉండడు.

స్టార్లు అతికించే చార్టు కూడా ఒకటి గోడకి తగిలించాం. నాలుగు రోజులు నడిచింది. అయిదో రోజు చార్టు మీద స్టార్లన్నీ పీకి ఫ్రిజ్‌కి అతికించాడు.

చెప్పులు కుడి ఎడమ మారిపోతుంటే ఒక స్టిక్కర్ని సగానికి కోసి చెరో చెప్పు లోపలా అతికించండి, బొమ్మ కలిసేలా పెట్టుకుంటే సరి. లేసుల జోలికి ఇప్పుడప్పుడే వెళ్ళొద్దు, వెల్‌క్రో బూట్లు కొనండి.

నానమ్మ తినిపిస్తేనే తింటాడు

ఇది మా ఇంట్లో అన్నిటికంటే పెద్ద ఫాల్టు. ఎందుకంటే ఇందులో పిల్లాడి కంటే పెద్దవాళ్ళం ఎక్కువమందిమి ఉన్నాం. కంచం ముందు పెడితే రెండు మెతుకులు నోట్లో వేసుకుని లేచిపోతాడు. మా అమ్మ ముద్దలు కలిపి, ఫోన్‌లో బొమ్మలు పెట్టి, వెనకాలే తిరిగితే గంటకి సగం కంచం అవుతుంది.

మొదట రోజంతా ఏం లోపలికి వెళ్తోందో కాగితం మీద రాశాం. లేవగానే పెద్ద గ్లాసు పాలు, పదకొండుకి పాలు, నిద్ర లేచాక పాలు, పడుకునే ముందు పాలు. కలిపితే ముప్పావు లీటరు. మధ్యలో బిస్కెట్లు. ఈ వయసులో పాలు రోజుకి అర లీటరు దాటితే అన్నానికి చోటుండదు. పైగా పాలలో ఇనుము చాలా తక్కువ కాబట్టి రక్తం కూడా తగ్గుతుంది. వాడికి ఆకలి వేసే అవకాశమే మేము ఇవ్వలేదన్నమాట.

రెండో కారణం కంచం. పెద్దవాళ్ళ వెడల్పు స్టీలు కంచంలో చారు అన్నం వేస్తే చిన్న వేళ్ళకి అందకుండా జారిపోతుంది. అంచు లోతుగా ఉన్న చిన్న గిన్నె, అందులో కొంచెం గట్టిగా కలిపిన పప్పన్నం పెట్టి చూడండి. వేళ్ళతో అంచుకి నొక్కి ముద్ద చేసుకోగలుగుతాడు. చారు తర్వాత సంగతి.

పాలు రెండు చిన్న గ్లాసులకి తగ్గించాం, అన్నానికి రెండు గంటల ముందు నుంచీ ఏమీ పెట్టలేదు. మొదటి మూడు రోజులు ఇల్లు ఇల్లులా లేదు. "ఏటిరా, గుంటడు ఆకలితో ఏడుస్తుంటే గోడ గడియారం చూస్తావేటి?" అని మా అమ్మ నా మీద లేచింది. ఆవిడని కాదనడం నా వల్ల కాలేదు, ఆవిడ చేతిలో నేను కూడా అలాగే పెరిగాను. చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. మొదటి పది నిమిషాలు వాడు తన చేత్తో తినాలి, ఎవరూ మాట్లాడకూడదు. ఆ తర్వాత ఇంకా ఆకలి ఉంటే నానమ్మ అయిదు ముద్దలు పెట్టొచ్చు. ఫోన్ మాత్రం లేదు. అయిదు ముద్దలు మెల్లగా మూడయ్యాయి, ఇప్పుడు ఒక్కటి ఉంది. ఆ ఒక్కటీ ఎవరి కోసమో నాకు తెలుసు, అందుకే దాని జోలికి వెళ్ళలేదు.

కింద పడ్డ మెతుకుల గురించి బాధపడకండి, పాత చాప పరవండి. చేప పెట్టేటప్పుడు వంజరం లాంటి పెద్ద ముల్లు చేపైనా సరే, ముక్క చిదిపి వేళ్ళతో వెతికాకే గిన్నెలో వేయండి. నాలుగేళ్ళు దాటేదాకా వేరుశనగ గింజలు, ద్రాక్ష పళ్ళు అలాగే చేతికివ్వొద్దు, గొంతుకి అడ్డం పడతాయి. ద్రాక్షని నిలువుగా నాలుగు ముక్కలు చేయాలి.

మూలకి వెళ్ళి బిగుసుకుని నిలబడతాడు

కాళ్ళు దగ్గరికి పెట్టి, మొహం ఎర్రబడి, తలుపు వెనక నిలబడతాడు. "వస్తోందా?" అంటే లేదంటాడు. సాయంత్రానికి చెడ్డీకి మరక. బద్ధకం అనుకుని తిట్టే ఇళ్ళు చాలా ఉన్నాయి. మాదీ అందులో ఒకటి.

ఇక్కడ కారణం దాదాపు ఎప్పుడూ మలబద్ధకమే. ఒకసారి గట్టిగా వచ్చి నొప్పి పుడితే ఆ తర్వాత పిల్లాడు భయంతో బిగబడతాడు. బిగబట్టేకొద్దీ లోపల ఇంకా గట్టిపడుతుంది. ఒక్కోసారి గట్టిపడిన దాని పక్కనుంచి నీళ్ళలా కారి బట్టలు పాడవుతాయి. దాన్ని విరేచనాలు అనుకుని మందు వేశారంటే సమస్య రెట్టింపు.

టిఫిన్ తిన్న పావుగంటకి అయిదు నిమిషాలు కూర్చోబెట్టండి. తిన్న తర్వాత పేగులో కదలిక వస్తుంది, ఆ టైముని వాడుకోవాలి. కమోడ్ అయితే కాళ్ళు గాల్లో వేలాడకూడదు, కింద పీట వేయండి, మోకాళ్ళు నడుము కంటే ఎత్తులో ఉండాలి. కాళ్ళకి ఆధారం లేకపోతే ముక్కడానికి బలం రాదు. నేల మీది దొడ్డి అయితే కూర్చునే తీరు మంచిదే కానీ ఆ కన్నంలో పడిపోతానని భయం ఉంటుంది. మొదట్లో మన చేతులు పట్టుకోనివ్వండి. ఫ్లష్ చప్పుడుకి భయపడే పిల్లలున్నారు, వాడు బయటికి వచ్చాక నొక్కండి. పాలు తగ్గించి నీళ్ళు, జామపండు, ఆకుకూరలు పెంచితే చాలామందికి సర్దుకుంటుంది. రక్తం కనబడినా, కడుపు ఉబ్బినా, రెండు వారాల్లో దారికి రాకపోయినా పిల్లల డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. ఆయన సిరప్ రాసిస్తే నాలుగు రోజులకి బాగుందని మీ అంతట మీరు ఆపేయొద్దు. ఇది వారాలు, ఒక్కోసారి నెలలు పట్టే పని.

రాత్రి పక్క తడపడం అయిదేళ్ళ లోపు ఫాల్టే కాదు. పక్క కింద ప్లాస్టిక్ షీటు వేసి వదిలేయండి.

బాత్రూంలో గడియ పెట్టుకుని ఏడుపు

అత్తగారి ఫ్లాట్ మూడో అంతస్తులో ఉంది, నాలుగు వీధులు దాటితే సముద్రం. నేను డ్యూటీలో ఉన్న రోజు మావాడు బాత్రూంలోకి వెళ్ళి లోపల గడియ పెట్టేశాడు. తీయడం రాలేదు. లోపల నిండు బకెట్, గీజర్ ఆన్‌లో ఉంది. మా ఆవిడ తలుపు బయట కూర్చుని కథ చెబుతుంటే, మా బామ్మర్ది వెంటిలేటర్ గాజు పలకలు రెండు ఊడదీసి పొడుగు కర్రతో గడియ వెనక్కి తోశాడు. ఇరవై నిమిషాలు. బయటికి రాగానే వాణ్ణి అందరూ తలో మాటా అన్నారు.

మర్నాడు నేను వెళ్ళి ఆ గడియ తీసి చూశాను. రెండు చేతులూ వాడాల్సి వచ్చింది. ఉప్పుగాలికి తుప్పు పట్టి గాడిలో బిగిసిపోయింది. ఒంటి బరువు వేసి నెట్టాడు కాబట్టి పడింది, లాగే బలం ఆ వేళ్ళలో లేదు. సముద్రం దగ్గర ఇళ్ళలో ఇనుప గడియలు, మడతబందులు, కిటికీ కొక్కేలు అన్నీ ఇంతే.

గరుకు కాగితంతో రుద్ది, మెషిన్ ఆయిల్ వేయండి. కొబ్బరినూనె వద్దు, దుమ్ము పట్టి మళ్ళీ బిగుస్తుంది. మార్చే ఓపిక ఉంటే స్టెయిన్‌లెస్ స్టీలు గడియ వేయించి, వాడికి అందనంత ఎత్తులో బిగించండి. అంతవరకు గడియ చుట్టూ గుడ్డ కడితే తలుపు పూర్తిగా పడదు. తలుపు తెరిచి ఉంచి గడియ తీయడం ముందు నేర్పండి. పదిసార్లు తీయడం వచ్చాకే వేయడం.

మధ్యాహ్నం సముద్రపు గాలి మొదలయ్యాక తలుపులు ధడేల్మని పడతాయి, మడతబందు వైపు చిన్న వేళ్ళు నలుగుతాయి. పాత తువ్వాలు చుట్టి తలుపు పైఅంచు మీద వేస్తే మూసుకోదు.

ఆ గడియ తర్వాత ఇల్లంతా తిరిగి చూశాను. చేతులు కడుక్కోడని వాణ్ణి రోజూ అంటున్నాం కదా, ఆ కుళాయి నాకే బిగుతుగా ఉంది. వాషర్ మార్చి, కింద పీట వేశాక చేతులు కడగడం ఆపమని బతిమాలుకోవాల్సి వచ్చింది.

బ్రష్

మూడేళ్ళు దాటితే పేస్టు బఠాణీ గింజంత చాలు, అంతకన్నా చిన్నవాళ్ళకి బియ్యం గింజంత. పొద్దున్న వాడు తోముకుంటాడు, రాత్రి మనం తోమాలి. ఏడెనిమిదేళ్ళ దాకా వెనక పళ్ళు సరిగ్గా తోమే నేర్పు వాళ్ళ చేతికి రాదు.

"నేనే" ఒప్పుకోకూడని చోట్లు

బాల్కనీలో ప్లాస్టిక్ కుర్చీ ఉండకూడదు, ఎక్కడానికే అది అక్కడున్నట్టు చూస్తారు. బాత్రూంలో బకెట్ వాడాక బోర్లించాలి, చిన్నపిల్లలకి కొద్ది అంగుళాల నీళ్ళు కూడా ప్రమాదమే. స్నానానికి బకెట్‌లో ముందు చన్నీళ్ళు పోసి, ఆ తర్వాతే వేడినీళ్ళు కలపాలి. ఆర్కే బీచ్‌లో అలతో పాటు వెనక్కి లాగే జోరుకి పెద్దవాళ్ళే నిలబడలేరు. అక్కడ ఇసుకలో ఎంత ఆడుకున్నా సరే, నీళ్ళ దగ్గర మాత్రం వాడి మణికట్టు నా చేతిలోనే ఉంటుంది. గింజుకుంటాడు, గింజుకోనీ.

వచ్చినవన్నీ పోయాయి

సంక్రాంతికి శ్రీకాకుళం దగ్గర మా ఊరెళ్ళి పది రోజులుండి వచ్చేసరికి నిక్కరు, ముద్ద, కుళాయి అన్నీ మర్చిపోయాడు. ఇంట్లో చంటిబిడ్డ వచ్చినా, స్కూలు మారినా ఇలాగే వెనక్కి వెళ్తారు. రెండు వారాలు పాత మెట్టు నుంచి మళ్ళీ మొదలుపెడితే మామూలుగా తిరిగొస్తాయి. కానీ వచ్చిన మాటలు పోయినా, పేరు పెట్టి పిలిస్తే తిరగకపోయినా, రెండేళ్ళు నిండినా రెండు మాటలు కలిపి అనకపోయినా "మగపిల్లలకి మాటలు లేటు" అన్న మాట నమ్మి కూర్చోవద్దు, డాక్టర్‌కి చూపించండి.

పెండింగ్‌లో ఉన్నది

ఈ వయసు పిల్లలకి పగటి నిద్రతో కలిపి రోజుకి పది నుంచి పదమూడు గంటల నిద్ర కావాలి. మావాడు మూడు వారాల్లో రెండు వారాలు తొమ్మిదికి పడుకుంటాడు. మూడో వారం పదిన్నర దాటితే గానీ పడుకోడు. పగటి నిద్ర తగ్గించాం, టీవీ ఆపేశాం, లైట్లు తీసేశాం. లాభం లేదు. క్యాలెండర్ పక్కన పెట్టుకుని చూస్తే కారణం దొరికింది. ఆ మూడో వారం నాది బి షిఫ్ట్. రాత్రి పదికి దిగి, బండి తీసి, ఇంటికి వచ్చేసరికి పదిన్నర. మెట్ల మీద నా బూట్ల చప్పుడు వినేదాకా వాడు కళ్ళు మూయడు.

ప్రస్తుతానికి ఆ వారం డ్యూటీకి వెళ్ళేముందు మధ్యాహ్నం అన్నం ఇద్దరం కలిసి తింటున్నాం. నిన్న పది గంటల అయిదు నిమిషాలకి పడుకున్నాడని మా ఆవిడ చెప్పింది. మూడో గడి ఇంకా ఖాళీగానే ఉంది.