మూటతో మంచుకొండ ఎక్కడం, దిగడం: క్యాంప్ హేల్ సైనికుల పద్ధతి

1942లో అమెరికా సైన్యం కొలరాడోలోని పాండో దగ్గర, 9,200 అడుగుల ఎత్తున్న లోయలో క్యాంప్ హేల్ కట్టింది. తర్వాత 10వ మౌంటెన్ డివిజన్‌గా మారిన దళం తయారైంది అక్కడే. స్కీయింగ్, అంటే కాళ్లకు పొడవాటి చెక్కలు (స్కీలు) కట్టుకుని మంచు మీద జారడం, తెలిసినవాళ్లను వెతికి పంపే పని నేషనల్ స్కీ పెట్రోల్ అనే పౌర స్వచ్ఛంద సంస్థ చూసింది. పోటీల్లో పాల్గొన్నవాళ్లు, ఆల్ప్స్ నుంచి వచ్చిన శిక్షకులు చాలామందే చేరారు. అయితే వీపున 40 కిలోల దాకా మూట, రైఫిల్ ఉన్నప్పుడు చేసే స్కీయింగ్ వేరే విద్య. అందులో వేగానికి విలువ లేదు. పడకుండా, తడవకుండా, మర్నాడు మళ్లీ నడవగలిగే స్థితిలో గమ్యం చేరడమే పని.

ముందు ఎత్తుకు అలవాటు పడాలి. 1943 ఫిబ్రవరిలో హోమ్‌స్టేక్ శిఖరం వైపు జరిపిన విన్యాసంలో చాలామంది అలసటతో, మంచుకాటుతో మధ్యలోనే వెనుదిరిగారు. కొత్తగా వచ్చినవాళ్లను అలవాటు పడనివ్వకుండా, మోయలేనంత బరువుతో పైకి నడిపించడమే కారణం. ఈ విషయంలో భారత సైన్యం పాటించే క్రమం స్పష్టంగా ఉంటుంది. 9,000 నుంచి 12,000 అడుగుల మధ్య 6 రోజులు: మొదటి రెండు రోజులు విశ్రాంతి, 3, 4 రోజుల్లో ఒకటిన్నర నుంచి 3 కిలోమీటర్ల నిదానపు నడక, 5, 6 రోజుల్లో 5 కిలోమీటర్ల దాకా నడక, 300 మీటర్ల దాకా ఎక్కడం. ఆపైన 15,000 అడుగుల దాకా మరో 4 రోజులు, అంతకంటే పైకి వెళ్లాలంటే ఇంకో 4 రోజులు. సెలవు మీద గుంటూరో కరీంనగరో వచ్చి నాలుగు వారాలకు పైగా గడిపి తిరిగి లద్దాఖ్ వెళ్లే జవాను కూడా దీన్ని మొదటి నుంచీ పాటించాలి. పాత అలవాటు శరీరంలో నిలవదు. కూర్చున్నా ఆయాసం, ఆగని దగ్గు వస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతున్నట్టు అనుమానించాలి. తెల్లారేదాకా ఆగకుండా ఆ మనిషిని వెంటనే కిందికి దించాలి.

ఇక సామాను. అప్పటి స్కీలు హికరీ చెక్కవి, ఏడడుగులకు పైబడిన పొడవు, అంచులకు స్టీలు, పైన తెల్ల రంగు. వాటిని రాత్రంతా బయటే ఉంచాలి. వెచ్చని గదిలోంచి తెచ్చి నేరుగా మంచు మీద పెడితే అడుగున మంచు కరిగి, వెంటనే గడ్డకట్టి ముద్దలు ముద్దలుగా పట్టుకుంటుంది. అప్పుడు స్కీ జారదు, బరువు రెట్టింపవుతుంది. బూటు మడమ చుట్టూ స్టీలు తీగ ఉంటుంది. ఎక్కేటప్పుడు దాన్ని పక్క కొక్కేల నుంచి తప్పిస్తే మడమ లేస్తుంది, దిగేముందు కొక్కేల కింద బిగిస్తే మడమ స్కీకి ఆనుకుని ఉంటుంది. బిగించడం మరిచిపోతే మొదటి వాలులోనే మూట వెనకనుంచి తోసి ముఖం మీద పడేస్తుంది. మరో ప్రమాదం కూడా ఉంది: పడినప్పుడు ఈ కట్టు దానంతట అది ఊడిరాదు, కాబట్టి మెలితిరిగి పడితే చీలమండ విరగవచ్చు. నెమ్మదిగా దిగమని పదేపదే చెప్పింది ఇందుకే.

ఎక్కడానికి స్కీ అడుగున నూగున్న పట్టీలు కట్టాలి, వీటిని స్కిన్స్ అంటారు. నూగు వెనక్కి వాలి ఉండాలి: ముందుకు తోస్తే జారుతుంది, వెనక్కి జారబోతే మంచును పట్టుకుంటుంది. తిరగేసి కడితే అడుగు కూడా ముందుకు పడదు. పాదం ఎత్తకుండా స్కీని ఈడ్చాలి. నిట్టనిలువుగా కాక వాలుకు ఏటవాలుగా, వంకర్లు తిరుగుతూ ఎక్కాలి. స్కిన్ జారడం మొదలైతే చేతికర్రల మీద బరువు మోపకుండా బాట వాలు తగ్గించండి, లేకపోతే గంటలో చేతులు పడిపోతాయి. వంపు దగ్గర ముందు చోటు తొక్కి చదును చేయాలి. కర్రలు రెండూ పైవాలు వైపు వెనకగా గుచ్చి, దిగువ స్కీ ఎత్తి వెనక్కి తిప్పి పెట్టి, బరువు దాని మీదకు మార్చాక రెండోది తేవాలి.

చలిలో మనిషిని దెబ్బతీసేది ఎక్కువగా సొంత చెమటే. బయల్దేరేటప్పుడు కాస్త చలిగా అనిపించాలి. పదిహేను నిమిషాలు నడిచాక ఒకసారి ఆగి పై కోటు విప్పి మూటలో పెట్టాలి. ఆ తర్వాత గంటకో పది నిమిషాలు ఆగాలి, ఆగిన వెంటనే, ఒణుకు మొదలవక ముందే, కోటు మళ్లీ వేసుకోవాలి. వరుస నడక వేగం అందరికంటే నెమ్మదిగా నడిచేవాడిదై ఉండాలి. ముందున్నవాడు తొందరపడితే వెనకున్నవాళ్లు పరుగెత్తి తడుస్తారు.

దిగడానికి స్నోప్లౌ (స్కీల ముందు కొసలు దగ్గరగా, వెనక కొసలు దూరంగా పెట్టి వేగం తగ్గించడం), స్టెమ్ మలుపు (ఒక స్కీ వెనక కొసను పక్కకు తోసి తిరగడం) చాలు. వాలుకు అడ్డంగా పొడవైన గీతలు గీస్తూ దిగి, ధైర్యం చాలని చోట నిలబడి మలుపు తిప్పుకోవడంలో సిగ్గేమీ లేదు. పడక తప్పదనిపిస్తే పైవాలు వైపు పక్కకు ఒరగాలి. లేవడానికి ముందు మూట విప్పాలి, స్కీలను శరీరానికి దిగువగా, వాలుకు అడ్డంగా తెచ్చుకోవాలి. మూటతోనే లేవాలని పెనుగులాడితే ఉన్న సత్తువంతా అక్కడే అయిపోతుంది.

1945 ఫిబ్రవరి 18 రాత్రి ఇటలీలో రీవా శిఖరశ్రేణిని ఈ డివిజన్ సైనికులు ఎక్కింది స్కీల మీద కాదు, కాలినడకన, నిటారుగా ఉన్న చోట్ల తాళ్లు కట్టుకుని. యుద్ధంలో స్కీల అవసరం తక్కువే పడింది. చీకట్లో బరువుతో చప్పుడు చేయకుండా ఎక్కే ఓపిక, కాళ్లను కాపాడుకునే అలవాటు పనికొచ్చాయి.

మంచు చరియలు విరిగిపడే వాలు దాటాల్సి వస్తే ఒక్కొక్కరే దాటాలి, మిగతావాళ్లు చూస్తూ ఉండాలి. కర్రల పట్టీల్లోంచి చేతులు తీసేయాలి, మూట ఛాతీ పట్టీ విప్పాలి, మడమ తీగ వదులు చేయాలి. వీటిలో ఏది తగులుకున్నా మంచు మనిషిని కిందికి లాగేస్తుంది. అప్పట్లో ఎర్రటి పొడవైన తాడు నడుముకు కట్టుకుని వెనక వదిలేవారు, మనిషి కూరుకుపోయినా తాడు కొస పైన కనపడుతుందని. ఇప్పుడైతే ట్రాన్సీవర్ (కూరుకుపోయినవాళ్ల జాడ తెలిపే సిగ్నల్ పరికరం), ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ), పార మూడూ ప్రతి ఒక్కరి దగ్గరా ఉండాలి.

రాత్రి గుడారంలో ముందు మేజోళ్లు మార్చాలి. తడిసినవి చొక్కా లోపల పొట్టకు ఆనించి పెట్టుకుంటే తెల్లారేసరికి ఆరుతాయి. బూట్లు స్లీపింగ్ బ్యాగులోనే పెట్టుకోవాలి, లేకపోతే పొద్దున రాయిలా బిగుసుకుపోయి కాలు దూరదు. మంచు కరిగించేటప్పుడు గిన్నెలో అడుగున కొంచెం నీళ్లు ఉండాలి, లేదంటే గిన్నె మాడి నీటికి ఆ వాసన పడుతుంది. తాజా మంచు పది లీటర్లు కరిగిస్తే వచ్చేది సుమారు ఒక లీటరు నీరే, కాబట్టి ఇంధనం ఆ లెక్కన తెచ్చుకోవాలి. స్టవ్ వెలిగినంతసేపూ గుడారం గాలి కంత తెరిచే ఉంచాలి. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.

పడుకునే ముందు ఇద్దరూ ఒకరి పాదాలు, ముఖం ఒకరు చూడాలి. వేలు తెల్లబడి స్పర్శ పోతే మంచుతో రుద్దకూడదు, చర్మం చితుకుతుంది. చంకలోనో తోటివాడి పొట్ట మీదో పెట్టి వెచ్చబెట్టాలి. లోతుగా గడ్డకట్టిన పాదంతో ఇంకా నడవాల్సి ఉంటే మాత్రం అక్కడ కరిగించకండి. కరిగాక మళ్లీ గడ్డకడితే నష్టం ఎన్నో రెట్లు పెరుగుతుంది. డాక్టరు ఉన్న చోటికి దించాకే 37 నుంచి 39 డిగ్రీల గోరువెచ్చని నీటిలో కరిగించాలి.