నిమ్మాకుల్లో వెండి గీతలు గీసే పురుగుని ఫొటో తీయాలంటే

నిమ్మ లేత చిగుళ్ళ మీద పాము పాకినట్టు వెండి గీతలు పడతాయి కదా, అవి గీసే పిల్ల పురుగు పెద్దదై రెక్కలొచ్చాక మాత్రం ఎంత వెతికినా కనపడదు, ఎందుకంటే అది రాత్రిపూట తిరిగే రకం, పైగా కూర్చుంటే 2 మిల్లీమీటర్లే. నేను ఇప్పుడు చెట్టు దగ్గర కాపలా కాయడం మానేశా. గీత చివర ఆకు అంచు చిన్నగా మడత పడి ఉన్న ఆకులు 4, 5 కోసి (ప్యూపా, అంటే రెక్కలొచ్చే ముందు కదలకుండా ఉండే దశ, ఆ మడతలోనే ఉంటుంది) మూతున్న ట్రాన్స్‌పరెంట్ డబ్బాలో కొంచెం తడి టిష్యూ మీద పెట్టి నీడలో ఉంచితే వారం పది రోజుల్లో బయటికొస్తుంది. డబ్బాని 5 నిమిషాలు ఫ్రిజ్‌లో పెడితే కదలదు, అప్పుడు పక్కన స్కేలు పెట్టి ఫొటో తీయండి. తెల్లటి రెక్కలు, చివర ఒక్కో నల్లచుక్క ఉంటే ఫిల్లోక్నిస్టిస్ సిట్రెల్లానే (ఈ పురుగు శాస్త్రీయ నామం). గీతలున్న ఆకు ఫొటో, తేదీ, ఊరు, చెట్టు పేరు కూడా కలిపి ఐనాచురలిస్ట్‌లో (మొక్కలు, జీవుల ఫొటోలు నమోదు చేసే వెబ్‌సైట్) పెట్టేయండి.

ముదురాకులు మాత్రం కోయకండి, వాటిలో పురుగు ఎప్పుడో ఎగిరిపోయి ఉంటుంది, ఖాళీ డబ్బాని చూస్తూ కూర్చోవాలి.