మొటిమలకు టీ లెక్క

ముప్పై నాలుగేళ్లొచ్చినా గడ్డం చుట్టూ మొటిమలు తగ్గక విసుగొచ్చేసింది. ఫేస్‌వాష్‌లు మార్చడం మానేసి తిండి మార్చి చూశాను. రోజుకు 4 పాల టీలు తాగేదాన్ని, ఒక్కోదాంట్లో 2 చెంచాల పంచదార. టీలను రోజుకు 1కి దించాను. మిగతా వేళల్లో పంచదార లేని నిమ్మకాయ నీళ్లు. మధ్యాహ్నం అన్నం సగం చేసి, ఆ సగం చోట ఆనపకాయ పప్పు, చేపల పులుసు ముక్కలు. తాపేశ్వరం కాజా పెట్టె వస్తే అదే పూట పక్కింటికి పంపేయాలి, ఇంట్లో ఉంటే చెయ్యి ఆగదు. ప్రతి ఆదివారం కొత్త మొటిమలు లెక్కపెట్టి క్యాలెండర్ మీద రాసుకున్నాను. మొదటి నెల తేడా లేదు, 8 వారాలకి సగమయ్యాయి.

నెలసరి తప్పుతున్నా, గడ్డం మీద వెంట్రుకలు ముదురుతున్నా తిండి మార్పుతో సరిపెట్టుకోవద్దు, డాక్టరుకి చూపించుకోండి. మొటిమలకు వాడుతున్న క్రీము కూడా ఆపొద్దు.