పుస్తకం మూశాకే అసలు చదువు

పాఠాన్ని నాలుగోసారి చదువుతుంటే అంతా వచ్చేసినట్లే అనిపిస్తుంది. చాలావరకు అది కంటికి అలవాటైన పరిచయమే తప్ప, అవసరానికి గుర్తొస్తుందన్న హామీ కాదు. రంగు పెన్నులతో గీతలు గీసినా అంతే. పేజీ అందంగా ఉంటుంది. ఒకసారి శ్రద్ధగా చదివాక పుస్తకం మూసి, గుర్తున్నదంతా తెల్లకాగితం మీద రాయండి. ఏదో పేరో, తేదీయో నాలుక చివర ఆడుతూ బయటికి రాదు. వెంటనే పేజీ తిప్పకుండా కాసేపు తంటాలు పడండి. జ్ఞాపకాన్ని బయటికి లాగే ఆ ప్రయత్నమే దాన్ని గట్టిపరుస్తుంది. తర్వాత పుస్తకం తెరిచి తప్పులు దిద్దుకోవాలి, లేకపోతే తప్పే స్థిరపడిపోవచ్చు.

2006లో రోడిగర్, కార్పికీ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థులతో ఇది చేయించి చూశారు. అయిదు నిమిషాల తర్వాత అడిగితే, మళ్లీ చదివినవారిదే పైచేయి. వారం తర్వాత మాత్రం వారికి 42 శాతమే గుర్తుంటే, చూడకుండా రాసినవారికి 56 శాతం గుర్తుంది. కాబట్టి పరీక్ష హాలు గుమ్మం ముందు నిలబడి ఉంటే సరే, మళ్లీ చదువుకోండి! వ్యవధి ఉన్నవారు మర్నాడు ఒకసారి, నాలుగైదు రోజులు ఆగి ఇంకోసారి ఇలాగే రాసి చూసుకోండి.